జమీందారు కన్ను మానేదాకా

ఈ మధ్య మా పక్క వాటాలో కొత్తగా దిగిన చిన్న దంపతులు ఒక చప్పిడిముక్కు కుక్కపిల్లని తెచ్చుకున్నారు. నడివేసవి ఎండలో దాని మెడకి పట్టీ బిగించి వీధంతా నడిపించి, అది రొప్పుతూ ముక్కుతో గుర్రుమంటుంటే ఏదో జబ్బు చేసిందని హడలిపోయి, నేను పూర్వం పశువుల ఆసుపత్రిలో పనిచేశానని ఎవరో చెప్పగా విని నా దగ్గరికి ఎత్తుకొచ్చారు. ఎత్తుకున్న తీరు చూడగానే నాకు ఒళ్లు మండింది. ఒక చెయ్యి మెడ కింద, వెనక కాళ్లు గాలిలో. నాలుగు చీవాట్లు పెడదామని నోరు తెరిచాను గాని మళ్లీ మూసుకున్నాను, ఎందుకంటే ఆ తరహా కుక్క గురకని రోగమని తేల్చి ఇంటిల్లిపాదినీ బెదరగొట్టిన మహానుభావుణ్ణి నేనే. వాళ్లని కూర్చోబెట్టి, కుక్కపిల్లని తడి నేలమీద పడుకోబెట్టి, చెప్పవలసిన నాలుగు ముక్కలూ చెప్పి పంపాను. వాళ్లు వెళ్లాక మాత్రం ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

యుద్ధం రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు. శృంగవరపుకోటలో మాది చింతపండు, బెల్లం, కొండసరుకు అమ్మే కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక ఎద్దుల సావిడి. నాన్నగారి తరవాత కొట్లో కూర్చోవలసినవాణ్ణి, పోయి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరాను. వ్యాపారస్తుల ఇంట పుట్టి గొడ్ల నోళ్లలో మందులు పోసే రాత ఎవరు రాశార్రా నీకు అని నాన్నగారు వారానికి ఒకసారైనా ఎత్తిపొడవకుండా ఉండేవారు కారు. నాకు మాత్రం చెప్పలేనంత గర్వం. వెదురు గొట్టంతో ఎద్దుకి మందు పట్టడం, పొగరుబోతు దున్నని మోకులు వేసి నేలకి దించడం చేతనయ్యాక, నాలుగు కాళ్లున్న ఏ ప్రాణి సంగతైనా నాకు తెలుసనే ధీమాతో తిరిగేవాణ్ణి.

మా ప్రాంతంలో ఆ రోజుల్లో రంగూనులో ఒక మనిషైనా లేని ఇల్లు అరుదని మీలో పెద్దవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. మా మేనత్త, మావయ్య పదిహేనేళ్లుగా అక్కడే కలప అడితీ పెట్టుకుని ఉండేవారు. పిల్లలు లేరు. రంగూను మీద బాంబులు పడ్డాక మావయ్య అత్తని విశాఖపట్నం ఓడ ఎక్కించి, సరుకు ఎవరికైనా ఒప్పగించి తరవాత ఓడలో వస్తానన్నాడట. తరవాత ఓడ దొరకలేదు. జనంతో పాటు కొండదారిన నడిచి బయలుదేరాడని ఒక కబురు అందింది, ఆపైన ఏమీ లేదు. అత్త కొత్తవలసలో రైలు దిగి, ఒంటెద్దు బండిలో మా గుమ్మం ముందుకి వచ్చినప్పుడు ఆమె దగ్గర ఉన్నవి ఒక ట్రంకుపెట్టె, ఒక పేము బుట్ట. బుట్టలో ఊరగాయ జాడీ ఉందనుకుని మా అమ్మ చెయ్యి చాపింది. మూత తీస్తే లోపల్నించి ఒక కుక్క తలెత్తి చూసింది.

జానెడు ఎత్తు, నేల తాకే బంగారు రంగు బొచ్చు, ముక్కు పెట్టడం బ్రహ్మ మరిచిపోయినట్టున్న ముఖం, బయటికి పొడుచుకొచ్చిన పెద్ద పెద్ద నల్లకళ్లు. పెకినీసు అని ఆ జాతి పేరు అత్తే చెప్పింది. చీనా రాజుల లోగిళ్లలో పెరిగిన జాతట. చీనా వర్తకుడొకడు మావయ్యకి స్నేహితుడై దాన్ని ఇచ్చాడట. పిలిస్తే రాదు, తోచినప్పుడు వస్తుంది, వచ్చినా పక్కలకి ఊగుతూ తీరిగ్గా నడిచి వస్తుంది కాబట్టి మావయ్య దానికి జమీందారు అని పేరు పెట్టాడు. మేముండేదే జమీందారీలో, ఈ పేరు ఎవరి చెవినైనా పడితే ఏం ముంచుకొస్తుందోనని నాన్నగారి భయం, అందుకని మా ఇంట్లో అందరూ దాన్ని గొంతు తగ్గించి పిలిచేవాళ్లం.

బండి దిగిన రోజునే, కాళ్లు కడుక్కోకముందే, అత్త నాన్నగారితో ఒక మాట అంది. "ఓడ కాడ ఆయన సేతుల్లోంచి నా సేతుల్లో ఎట్టినాడన్నియ్యా దీన్ని. ఇది బతికున్నన్నాళ్లూ ఆయన బతికున్నట్టే నాకు." ఆ మాటతో ఆ కుక్క ప్రాణం మా ఇంటిల్లిపాదికీ బరువైపోయింది.

మూడో రోజున నేను నా పాండిత్యం చూపించాను. కుక్క పడుకున్నా గురకే, నడిచినా గురకే, ఎండ పొడ తగిలితే ఇంకా గురకే. ఎద్దులకి గొంతువాపు వచ్చినప్పుడు అచ్చం ఇలాగే గొంతులో గరగర మొదలై, ఒక పూట తిరిగేసరికి గొడ్డు కాళ్లు చాపేస్తుంది. నాకు తెలిసిన గురక అదొక్కటే. ఇది అంటురోగమని, సావిడిలో ఎద్దులకి తగులుకుంటే ఒక్కటీ మిగలదని నేను గంభీరంగా చెప్పాను. నాన్నగారు గడగడలాడిపోయి, అత్త మంచాన్నీ కుక్కబుట్టనీ వీధి అరుగు మీదికి మార్పించారు. పదిహేనేళ్ల తరవాత పుట్టింటికి వచ్చిన ఆడపడుచు నాలుగు రోజులు అరుగు మీద పడుకుంది. ఐదో రోజున మా డాక్టరుగారు వచ్చి కుక్కని చూసి, కడుపు చేత్తో పట్టుకుని నవ్వి, దాని ముక్కు పుట్టుకే అంత, అది ఊపిరి తీయడమే అలాగని చెప్పి వెళ్లారు. మంచం లోపలికి మోసుకుంటూ అత్త, గొడ్ల శాస్త్రం గొడ్ల దగ్గర ఉంచి కుక్క దగ్గరికి ఉత్త చేతుల్తో రమ్మంది.

అలా వెళ్లాను. సిగ్గుతో మొదలెట్టిన పని, నెల తిరగకుండా ఇష్టమైపోయింది. ఆసుపత్రి నుంచి రాగానే దాని దగ్గర చేరేవాణ్ణి. దాన్ని ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి గుండె కింద, ఒక చెయ్యి వెనకభాగం కింద పెట్టాలని, మెడ పట్టుకుంటే ఆ కళ్లు గుంటల్లో నిలవవని, మొహం మీది ముడతల్ని రోజూ తడిగుడ్డతో తుడవాలని, మంచం మీంచి దూకనివ్వకూడదని, ఎండాకాలం నీళ్లకుండ కింద తడిసిన ఇసకే దానికి స్వర్గమని, అన్నీ అత్త దగ్గర నేర్చుకున్నవే. అది ఎవరినీ బతిమాలదు. కంచంలో పెట్టింది నచ్చకపోతే మనవైపు చూసి, మొహం తిప్పుకుని కూర్చుంటుంది. మా ఇంటికి అల్లుళ్లు చాలామంది వచ్చారు గాని అంత దర్జాగా అలిగినవాడు ఒక్కడూ లేడు. ఇటువంటిది ఒకటి నాకూ ఉంటే బాగుండునని మొదటిసారి అనుకున్నది ఆ వేసవిలోనే. ఆ కోరిక ఎలా తీరుతుందో తెలిసుంటే అనుకునేవాణ్ణే కాదు.

వానలు పడ్డాయి. చుట్టుపక్కల పల్లెల్లో నిజంగానే గొంతువాపు రేగింది, డాక్టరుగారు క్యాంపు మీద వెళ్లి వారాల తరబడి రావడం లేదు. అటువంటి ఒక మధ్యాహ్నం, నేను భోజనానికి వచ్చి కొట్లో నాన్నగారి పక్కన నిలబడి ఉండగా, ఎముకల గూడులా ఉన్న ఒక మనిషి వచ్చి గడప దగ్గర చతికిలబడ్డాడు. రంగూను అడితీలో మావయ్య దగ్గర పనిచేసినవాడు. ఇద్దరూ కలిసి నడిచారట. దారిలో ఒక ఏటి ఒడ్డున విడిది చేసినప్పుడు మావయ్యకి కలరా తగిలి ఒక్క పూటలో పోయాడట, దహనానికి పొడి కట్టెలు కూడా దొరక్క అక్కడే గొయ్యి తీసి పెట్టాడట. కలపవర్తకుడికి కట్టెలు దొరకలేదంటూ ఆ మనిషి ఏడ్చాడు. లోపలికి వచ్చి అత్తని చూడమంటే తనవల్ల కాదన్నాడు. మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ కబురు చెప్పడమంటే ఉత్త కబురు చెప్పడం కాదు ఆ రోజుల్లో. చెప్పిన క్షణంనించి బొట్టు, గాజులు, పువ్వులు, అన్నీ తీయించే తంతు ఉంటుంది. ఆ తంతు నడిపించడానికి పెద్ద ముత్తైదువో, పెద్ద విధవరాలో ఉండాలి. విజయనగరం నుంచి మా పెద్దమ్మని పిలిపించి, ఆవిడ వచ్చాక చెబుదామని, అప్పటిదాకా నోరు మెదపవద్దని నాన్నగారు నా చేత ఒట్టు వేయించుకున్నారు. మూడు రోజులు నేను అత్త మొహం చూడలేక తిరిగాను. చూస్తే ఎక్కడ చెప్పేస్తానో అని భయం.

మూడో రోజు పొద్దున్న పెద్దమ్మ బండి దిగింది. చీనా కుక్కని చూద్దామని వచ్చానంది అత్తతో. ఆ పూటే చెప్పేయాలని నిర్ణయం. నేను పెరట్లో జమీందారు నోట్లో అరుగుదల మందు పోస్తున్నాను, నాలుగు రోజులకోసారి పోసేదే, కొత్తదేం కాదు. లోపల పెద్దమ్మ గొంతు వినిపించింది, నాన్నగారిని పిలుస్తోంది. నేను అటు తల తిప్పాను. మందు చేదుకి కుక్క గింజుకుని జారబోయింది. నేర్చుకున్నదంతా ఎక్కడికి పోయిందో, దూడని పట్టినట్టు దాని పీకమీద చర్మం గుప్పెట పట్టి గట్టిగా లాగి పట్టుకున్నాను. అది ఒక్క కేక పెట్టింది. చూస్తే కుడికన్ను రెప్పల్లోంచి బయటికి వచ్చేసి చెంప మీద నిలబడి ఉంది.

డాక్టరుగారు ఎక్కడో కొండల్లో ఉన్నారు. కన్ను ఆరిపోతే పోయినట్టే. బెదురుతో గుండె ఆగితే కుక్కా పోయినట్టే. కుక్క పోతే అత్త ఏమవుతుందో, బండి దిగిన రోజు ఆమె అన్న మాట నేను చెవులారా విన్నవాణ్ణి. కేక విని అత్త వచ్చింది. నన్ను చూడలేదు. కుక్కని చూసింది, కూర్చుంది, రెండు చేతులూ కింద పెట్టి ఒళ్లోకి తీసుకుంది. కాచి చల్లార్చిన నీళ్లు, మెత్తటి గుడ్డ, ఆముదం తెమ్మంది. తను తడిగుడ్డ కన్ను మీద ఆనించి పట్టుకుంటుందని, నన్ను వేళ్లకి ఆముదం రాసుకుని రెప్పల్ని పైకీ కిందికీ విడదీసి కనుగుడ్డు మీదుగా లాగమంది. రంగూనులో ఆ చీనా వర్తకుడు చేస్తుండగా చూసిందట. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి నేను రెప్పలు లాగి పట్టగా, అత్త అరచేత్తో గుడ్డమీద మెల్లిగా, ఒక్క తీరుగా నొక్కింది. కన్ను లోపలికి వెళ్లింది.

ఆసుపత్రికి పరుగెత్తి వంకీసూది, పట్టుదారం తెచ్చి, రెప్పలు రెండూ కలిపి కుట్లు వేశాను. నేను ఆఖరి ముడి వేస్తుండగా అత్త, తల ఎత్తకుండానే, నా ఒక్కడికే వినబడేటట్టు మాట్లాడింది.

"మూడ్రోజుల్నుంచీ నా మొగం సూడకుండా తిరుగుతన్నావు, నాకు తెలీదేట్రా. అడితీ మనిషొచ్చినాడు, నేను తలుపు సందులోంచి సూసినాను. మీ మావయ్య బతికుంటే ఆడు నా మొగం సూడకుండా ఎల్తాడేటి? మంచినీళ్లు ముట్టకుండా ఎల్తాడేటి?"

నేను దారం కొస కత్తిరించాను.

"ఎవుళ్లూ నాతో అనీదాకా నేనాయన పెళ్లాన్నే. ఈ కన్ను మానీదాకా నన్నుండనీ. మీ నాన్నకి నువ్వే ఏదోటి సెప్పు."

చెప్పాను. కుక్క ప్రాణం ఇంకా గట్టెక్కలేదని, రెండు దెబ్బలు ఒకేసారి తగిలితే అత్త తట్టుకోలేదని, కుట్లు విప్పేదాకా ఆగమని నాన్నగారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. అత్తకి తెలుసన్న మాట మాత్రం చెప్పలేదు. నాన్నగారు పైకి గరుకు మనిషే గాని ఆయనకీ ఆ కబురు చెప్పే ధైర్యం లేదు, వెంటనే ఒప్పుకున్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. చావు కబురు విని కూడా మైల పట్టకుండా, పువ్వులు పెట్టుకునే మనిషి చేతి వంట తినడం పాపమని ఆవిడ బాధ. ఆవిడది దుర్మార్గం అనను. ఆవిడ పదహారేళ్లకే విధవ అయినప్పుడు ఎవరూ ఒక్క పూట కూడా ఆగలేదు. రోజూ పొద్దున్నే పెరట్లోకి వచ్చి, నా పక్కన నిలబడి, కన్ను మానిందేట్రా అని అడిగేది.

అత్త ఆ రోజుల్లో తెల్లారేసరికి తలంటి పోసుకునేది. కాళ్లకి పసుపు రాసుకుని, అద్దం ముందు కూర్చుని, ఎన్నడూ లేనంత శ్రద్ధగా బొట్టు దిద్దుకునేది. ఒకరోజు నా చేత సంతలోంచి గాజులు తెప్పించుకుని తొడుక్కుంది. కబురు తెలియని మా అమ్మకి ఏమీ అర్థం కాక, మావయ్య వచ్చే కబురేమైనా అందిందా అని నన్నే అడిగింది. అత్త కళ్లల్లో తడి నేను చూడలేదు. జమీందారుని ఒళ్లో పెట్టుకుని, మావయ్యకి ఏ కూర ఇష్టమో, ఏ మాటకి కోపం వచ్చేదో, ఓడరేవులో తన చెయ్యి ఎంతసేపు వదల్లేదో, రోజుకి ఒక ముక్క చొప్పున నాకు చెప్పేది. నేను కన్ను తుడుస్తూ వినేవాణ్ణి.

పదో రోజున కుట్లు విప్పమని డాక్టరుగారు క్యాంపులోంచి కబురు పంపారు. పదో రోజు చూశాను. రెప్పలు శుభ్రంగా ఉన్నాయి, వాపు తగ్గిపోయింది. పెద్దమ్మ పక్కన నిలబడి ఉంది, నాన్నగారు కొట్టు తలుపు దగ్గర నిలబడి నావైపే చూస్తున్నారు. ఇంకా చీము ఉందని అబద్ధం చెప్పాను. పదకొండో రోజూ అదే చెప్పాను. పన్నెండో రోజు రాత్రంతా వాన పడిందని, చెమ్మకి పుండు పచ్చిగా ఉందని చెప్పాను. కుట్లు ఎక్కువ రోజులు ఉంచితే లోపల దారం గుడ్డుని రాపాడుతుందని నాకు తెలుసు. తెలిసే ఉంచాను. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ వారం లాగాను. ఆ వారం మా ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ సరిగా చూడలేదు, కొట్లోంచి నాన్నగారు దగ్గినా నేను ఉలిక్కిపడేవాణ్ణి.

పదిహేడో రోజు పొద్దున్న, నేను తడిగుడ్డ పట్టుకుని వెళ్లేసరికి అత్త కత్తెర పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. జమీందారు ముందు పంజాతో ఆ కన్ను గోక్కోబోతోంది, అత్త ఆ పంజా పట్టుకుని ఉంది.

"దీనికి నొప్పిగా ఉన్నాదిరా. నా బొట్టు కోసం దీని కన్ను తియ్యకు. ఇంక సాలు."

కుట్లు నేనే విప్పాను, అత్త పట్టుకుంది. రెప్ప తెరుచుకుంది. లోపల పాలు కలిపిన నీళ్లలా పొర. నా వేలు దాని ముందు అటూ ఇటూ ఆడించాను, ఆ కన్ను కదల్లేదు. అత్త చూసింది. కుక్క ముఖం ముడతలు ఒకసారి తుడిచింది. గుండె కింద ఒక చెయ్యి, వెనక ఒక చెయ్యి పెట్టి దాన్ని ఎత్తి నా చేతుల్లో పెట్టింది. నూతి దగ్గర చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని, కొట్లోకి తనంతట తనే నడిచి వెళ్లి నాన్నగారి ఎదురుగా నిలబడింది.

"అన్నియ్యా, ఆ వచ్చినాయన ఏటి సెప్పినాడో ఇప్పుడు సెప్పు."

ఆ రోజు నుంచి జమీందారు నాది. అత్త అదే ఇంట్లో ఇంకా ఇరవై రెండేళ్లు బతికింది, కుక్క ఉన్నన్నాళ్లూ మళ్లీ దాన్ని ఒళ్లోకి తీసుకోలేదు. నేను దానికి స్నానం చేయిస్తుంటే మాత్రం లోపల్నించి, ముడతలు తుడిచావా అని అడిగేది. డాక్టరుగారు వచ్చి కన్ను చూసి, పదో రోజు విప్పమంటే ఏం చేస్తున్నావని అందరిముందూ కడిగేశారు. మరిచిపోయానన్నాను. తప్పు చేశానని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. నోరులేని జీవి కన్ను ఇచ్చి ఏడు రోజులు కొన్నాను, ఆ ఏడు రోజులూ ఇచ్చింది నేను కాదు, అదే.

మూడేళ్ల కిందట మా పెద్దబ్బాయి పోయాడు. ఆసుపత్రిలో వాడి పక్కనున్నది మా కోడలే, మా అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. ఆమె ఇంటికి వచ్చినప్పుడు నుదుట బొట్టు ఉంది, చేతికి గాజులు ఉన్నాయి, వాటి మీద చెయ్యి వేద్దామన్న ఆలోచన కూడా మా ఇంట్లో ఒక్కరికీ రాలేదు. బొట్టు చెదిరిపోయేటట్టు ఆ పిల్ల నా భుజం మీద పడి ఏడ్చింది, మర్నాడు లేచి మళ్లీ దిద్దుకుంది. పాతకాలమే మంచిదని నా ఈడువాళ్లు అంటుంటే నేనూ తల ఊపుతూ ఉంటాను, ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. కాని ఈ ఒక్క మార్పూ అప్పుడే వచ్చి ఉంటే, మా అత్త కబురు అందిన రోజునే ఏడ్చుకునేది, జమీందారు రెండు కళ్లతోనూ నన్ను చూసేది.